రక్తంలో పెరిగిన సున్నం – డాక్టర్ ఫుల్లర్ ఆల్‌బ్రైట్ జీవిత విశేషాలు

పదవీ విరమణ చేసినవాళ్ళం నలుగురం ఒకచోట చేరితే మాటలు ముందు పింఛను మీద, డి.ఎ. బకాయిల మీద సాగి, చివరకు ఆరోగ్యం దగ్గర ఆగుతాయి. రక్తపోటు, చక్కెర వ్యాధి, మోకాళ్ళ నొప్పులు మనందరికీ చుట్టాలే. కాల్షియం మాట వస్తే మాత్రం మనకు తెలిసిన భయం ఒక్కటే, అది తగ్గిపోతుందని. అందుకే మన ఇళ్ళలో కాల్షియం బిళ్ళల సీసా లేని బల్ల అరుదు. అదే కాల్షియం రక్తంలో హద్దుమీరి పెరిగితే ఏమవుతుందో, ఎందుకు పెరుగుతుందో మనలో చాలామంది ఆలోచించి ఉండరు. ఆ సంగతిని జీవితమంతా పరిశోధించి లోకానికి తెలియజెప్పిన మహావైద్యుడు డాక్టర్ ఫుల్లర్ ఆల్‌బ్రైట్. ఆయన సగం జీవితం తీరని వ్యాధితోనే గడిపారు. ఆ జీవిత కథను ఈ ప్రత్యేక సంచిక ద్వారా సభ్యులకు, వారి కుటుంబాలకు పరిచయం చేస్తున్నాము.

బాల్యము, విద్య

ఆల్‌బ్రైట్ 1900 జనవరి 12న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం, బఫెలో నగరంలో జన్మించారు. తండ్రి జాన్ జోసెఫ్ ఆల్‌బ్రైట్ పెద్ద పారిశ్రామికవేత్త, దానశీలి. బఫెలో నగరానికి కళామందిరం కట్టించి ఇచ్చిన వ్యక్తి ఆయనే. అలాంటి ఇంట పుట్టిన పిల్లవాడు వ్యాపారంలో దిగి సుఖంగా బతకవచ్చును. కాని ఫుల్లర్ హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చేరి, 1924లో వైద్య పట్టా పుచ్చుకున్నారు. బోస్టన్ నగరంలోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో చేరారు. మధ్యలో రెండు మూడేళ్ళు తప్పిస్తే ఆయన ఉద్యోగ జీవితమంతా ఆ ఆసుపత్రిలోనే గడిచింది.

అక్కడ డాక్టర్ జోసెఫ్ ఆబ్ అనే పెద్దాయన సీసం వలన కలిగే విషప్రభావాన్ని పరిశోధిస్తున్నారు. ఫ్యాక్టరీ పనివాళ్ళ ఒంట్లో చేరిన సీసం ఎముకల్లో దాగుతుంది. ఎముకల్లోని కాల్షియం కదిలినప్పుడు అదీ కదులుతుంది. కనుక సీసం సంగతి తెలియాలంటే ముందు కాల్షియం సంగతి తెలియాలి. యువకుడైన ఆల్‌బ్రైట్ ఆ విధంగా కాల్షియం లెక్కల్లోకి వచ్చారు, ఇక వదలలేదు.

తరువాత బాల్టిమోర్ నగరంలోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో ఒక సంవత్సరం, ఆస్ట్రియా రాజధాని వియన్నాలో ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు యాకబ్ ఎర్డ్‌హైమ్ వద్ద ఒక సంవత్సరం శిక్షణ పొందారు. చనిపోయినవారి ఎముకలను, గ్రంథులను సూక్ష్మదర్శినిలో పరీక్షించడంలో ఎర్డ్‌హైమ్‌ను మించినవారు ఆనాడు లేరు. ఆ గురువు పట్ల ఆల్‌బ్రైట్‌కు జీవితాంతం అమితమైన గౌరవం ఉండేది.

కందిగింజంత గ్రంథులు

మెడలో థైరాయిడ్ గ్రంథి ఉందని అందరికీ తెలుసు. దాని వెనుక అంటుకుని కందిగింజంత పరిమాణంలో సాధారణంగా నాలుగు చిన్న గ్రంథులు ఉంటాయి. వాటిని పారాథైరాయిడ్ గ్రంథులంటారు. వీటి చరిత్రలో మన దేశానికి ఒక చిన్న సంబంధం ఉంది. లండన్ జంతుప్రదర్శనశాలలో చనిపోయిన ఒక భారతీయ ఖడ్గమృగాన్ని కోసి పరీక్షిస్తూ రిచర్డ్ ఓవెన్ అనే శాస్త్రజ్ఞుడు 1850 ప్రాంతంలో ఈ గ్రంథిని మొదటిసారి గమనించారు. మనుషుల్లోనూ ఇవి ఉన్నాయని 1880లో స్వీడన్‌కు చెందిన ఐవార్ శాండ్‌స్ట్రోమ్ వివరించారు.

ఇవి తయారుచేసే హార్మోను రక్తంలో కాల్షియం పరిమాణాన్ని కాపాడుతుంది. నూరు మిల్లీలీటర్ల రక్తంలో సుమారు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉండాలి. తగ్గితే కండరాలు కొంకర్లు పోతాయి. తగ్గినప్పుడు ఈ హార్మోను ఎముకల్లోంచి కొంత కాల్షియాన్ని తీసి రక్తంలోకి పంపుతుంది, మూత్రంలో పోయేదాన్ని ఆపుతుంది, ఫాస్ఫరస్‌ను మూత్రంలోకి వదిలేస్తుంది. ఎముకలను బ్యాంకు ఖాతా అనుకుంటే, ఈ గ్రంథులు అవసరానికి తగినంత మాత్రమే డబ్బు తీసే జాగ్రత్తగల గుమాస్తాలు. నాలుగింటిలో ఒకదానిలో కంతి పుట్టిందనుకోండి, ఆ గుమాస్తా అదుపు తప్పుతాడు. అవసరం ఉన్నా లేకున్నా తీస్తూనే ఉంటాడు. ఖాతా ఖాళీ అవుతుంది, అంటే ఎముకలు గుల్లబారుతాయి. తీసినది రక్తంలో పోగుపడి, మూత్రపిండాల్లో రాళ్ళుగా మారుతుంది.

1925లో వియన్నాలో ఫెలిక్స్ మాండ్ల్ అనే శస్త్రవైద్యుడు ఆల్బర్ట్ అనే ట్రాము కండక్టరుకు మెడలో ఇలాంటి కంతిని తీసివేశారు. మంచం మీంచి లేవలేని ఆ మనిషికి మేలు కలిగింది. ఎముకల జబ్బు వలన గ్రంథి పెరుగుతుందని అప్పటిదాకా అనుకునేవారు. గ్రంథి పెరగడం వలననే ఎముకల జబ్బు వస్తుందని ఈ ఆపరేషన్‌తో తెలిసింది.

కెప్టెన్ మార్టెల్ కథ

అదే కాలంలో అమెరికాలో చార్లెస్ మార్టెల్ అనే ఓడ కెప్టెన్ ఉండేవారు. ఆరడుగుల పైన ఒక అంగుళం ఎత్తున్న దృఢకాయుడు. కొద్ది సంవత్సరాల్లో ఆయన ఏడు అంగుళాలు కుదించుకుపోయారు. వెన్నెముక కుంగింది, చిన్న దెబ్బకే ఎముకలు విరిగేవి, మూత్రంలో తెల్లటి ఇసుక పడేది. 1926లో న్యూయార్క్‌లోని డాక్టర్ యూజీన్ డుబోయిస్ రక్తంలో కాల్షియం ఎక్కువగా ఉందని గుర్తించి, ఇది పారాథైరాయిడ్ గ్రంథుల అతిక్రియ కావచ్చునని భావించి, బోస్టన్‌కు డాక్టర్ ఆబ్ వద్దకు పంపారు. ఈ రోగి శరీరంలోకి పోయే కాల్షియం ఎంత, బయటికి వచ్చేది ఎంత అని లెక్కగట్టి పరిశోధన పత్రం రాసినవారిలో ఆల్‌బ్రైట్ ఒకరు.

జబ్బు తెలిసింది, చికిత్స ఏమిటో కూడా తెలిసింది. కాని కంతి దొరకలేదు. మెడ కోసి చూస్తే ఉన్న గ్రంథులు మామూలుగానే ఉన్నాయి. మళ్ళీ కోశారు, మళ్ళీ లేదు. ఇలా ఆరు ఆపరేషన్లు విఫలమయ్యాయి. ఇక్కడ మెచ్చుకోవలసినవాడు రోగి. కెప్టెన్ మార్టెల్ వైద్య గ్రంథాలయానికి వెళ్ళి ఈ గ్రంథులు శరీరంలో ఎక్కడెక్కడ ఉండగలవో తానే చదివి తెలుసుకున్నారనీ, రొమ్ము ఎముక వెనుక వెదకమని పట్టుబట్టారనీ ఆయనకు ఆపరేషన్ చేసిన వైద్యులే చెప్పుకున్నారు. 1932లో ఎడ్వర్డ్ చర్చిల్, ఆలివర్ కోప్ అనే శస్త్రవైద్యులు ఏడవ ఆపరేషన్‌లో ఛాతీ తెరిచి చూడగా కంతి అక్కడే ఉంది. పరిమాణం సుమారు మూడు సెంటీమీటర్లు.

దురదృష్టవశాత్తు అప్పటికే ఆలస్యమైంది. ఆకలిగొన్న ఎముకలు రక్తంలోని కాల్షియాన్ని ఒక్కసారిగా లాగేసుకోవడంతో ఆయనకు కొంకర్లు మొదలయ్యాయి. మూత్రపిండాలు అంతకు ముందే పాడైపోయి ఉన్నాయి. రాయి అడ్డుపడి, కొద్ది వారాలకే మార్టెల్ కన్నుమూశారు. అయితే ఆయన ఓర్పు వలన వైద్యులు నేర్చుకున్నది వృథా పోలేదు. ఆ తరువాత బోస్టన్‌లో ఈ ఆపరేషన్‌కు వచ్చిన రోగులు చాలామంది బతికి ఇళ్ళకు వెళ్ళారు.

రాళ్ళ రోగుల్లో దాగిన జబ్బు

ఎముకలు విరిగి, ఒళ్ళు కుంగిపోయేదాకా ఈ జబ్బు ఉన్నట్టు ఎవరికీ తెలియడం లేదు. అంతకుముందే పట్టుకునే దారి లేదా అని ఆల్‌బ్రైట్ ఆలోచించారు. కాల్షియం మూత్రం గుండా పోతున్నప్పుడు మూత్రపిండాల్లో రాళ్ళున్న వారిలో కొందరికి అసలు కారణం మెడలోని కంతే ఎందుకు కాకూడదని ఆయనకు తోచింది. రాళ్ళ రోగుల కోసం ఆసుపత్రిలో ఒక ప్రత్యేక క్లినిక్ నడిపి, వచ్చినవారందరికీ కాల్షియం, ఫాస్ఫరస్ పరీక్షలు చేయించారు. ఎముకలు బాగానే ఉండి, రాళ్ళు మాత్రమే ఉన్నవారిలో కూడా జబ్బు బయటపడింది. 1934లో ఒకే ఆసుపత్రి నుంచి 17 మంది రోగుల వివరాలు ప్రకటించి, ఇది అరుదైన జబ్బు కాదనీ, రకరకాల రూపాల్లో వస్తుందనీ ఆయన, సహచరులు నిరూపించారు.

తెలుగువారు గర్వంగా తలచుకోవలసిన మాట ఒకటి ఇక్కడ ఉంది. ఆ రోజుల్లో రక్తంలోను, మూత్రంలోను ఫాస్ఫరస్‌ను కొలవడానికి ప్రపంచమంతటా ప్రయోగశాలలు వాడిన పద్ధతి 1925లో వెలువడిన ఫిస్క్–సుబ్బారావు పద్ధతి. ఆ సుబ్బారావుగారు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారే. బోస్టన్ చేరి, 1940 వరకు హార్వర్డ్ వైద్య కళాశాలలో పనిచేశారు. అంటే ఆల్‌బ్రైట్ రోగుల మంచాల దగ్గర కాల్షియం లెక్కలు కడుతున్న సంవత్సరాల్లో, అదే నగరంలో మన సుబ్బారావుగారు తమ ప్రయోగశాలలో శ్రమిస్తూ ఉన్నారు.

1941 నాటి ఊహ

మన కథలో ముఖ్యఘట్టం ఇది. మూత్రపిండంలో క్యాన్సర్ వచ్చి, అది తుంటి ఎముకలోకి పాకిన ఒక రోగి మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రికి వచ్చాడు. అతని రక్తంలో కాల్షియం చాలా ఎక్కువ. క్యాన్సర్ ఎముకను తినడం వలన కాల్షియం పెరిగిందని సరిపెట్టుకోవచ్చును. ఆల్‌బ్రైట్ దృష్టి మాత్రం ఇంకొక అంకె మీద పడింది. ఎముక కరిగిపోవడమే కారణమైతే కాల్షియంతోపాటు ఫాస్ఫరస్ కూడా పెరగాలి. ఇతనిలో ఫాస్ఫరస్ తగ్గి ఉంది. అది పారాథైరాయిడ్ హార్మోను చేసే పని. కాని మెడ కోసి చూస్తే గ్రంథులు మామూలుగానే ఉన్నాయి. ఎముకలోని క్యాన్సర్ గడ్డకు కిరణ చికిత్స చేస్తే కాల్షియం తగ్గింది.

దీనినిబట్టి ఆల్‌బ్రైట్ ఒక ఊహ చేశారు. ఈ క్యాన్సర్ కంతి తానే పారాథైరాయిడ్ హార్మోనును తయారుచేస్తూ ఉండాలి. ఏ అవయవంలో ఏ హార్మోను తయారుకావాలో ప్రకృతి నిర్ణయించిందని నమ్మే రోజుల్లో, మూత్రపిండపు క్యాన్సర్ మెడలోని గ్రంథి పని చేస్తుందనడం సాహసమే. ఆయన గడ్డ ముక్కను పరీక్ష చేయించారు. హార్మోను దొరకలేదు. ఆ సంగతినీ దాచకుండా చెప్పారు. ఈ రోగి వివరాలు 1941లో అచ్చయ్యాయి.

ఆ ఊహ తేలడానికి 46 సంవత్సరాలు పట్టింది. 1963లో బెర్సన్, రోజలిన్ యాలో మొదలైనవారు రక్తంలో పారాథైరాయిడ్ హార్మోనును కొలిచే విధానం కనిపెట్టారు. ఇటువంటి క్యాన్సర్ రోగుల్లో ఆ హార్మోను పెరగకపోగా తగ్గి ఉండడం చాలామందిలో కనిపించింది. అంటే దోషి వేరొకరు. 1987లో వేర్వేరు పరిశోధక బృందాలు ఆ దోషిని పట్టుకున్నాయి. అది పారాథైరాయిడ్ హార్మోనును పోలిన మరొక ప్రొటీను. దాని మొదటి 13 అమైనో ఆమ్లాల్లో 8 అసలు హార్మోనుతో సరిగ్గా సరిపోతాయి. మారుతాళంలా అది అదే తాళం తెరుస్తుంది. కంతి ఒక హార్మోనును రక్తంలోకి వదులుతుందన్న ఆల్‌బ్రైట్ ఆలోచన నిజమైంది. ఆ హార్మోను పేరు మాత్రమే వేరయింది. ఆయన గడ్డలో వెదికినది దొరకకపోవడానికి కారణమూ అదే.

వ్యక్తిత్వము

ముట్లుడిగిన స్త్రీలలో ఎముకలు ఎందుకు గుల్లబారుతాయో 1940–41 ప్రాంతంలో మొదట వివరించినవారు ఆల్‌బ్రైట్. విటమిన్ డి పనిచేయని ఒక రకపు రికెట్స్‌ను, హార్మోను ఉన్నా శరీరం దానిని లెక్కచేయని మరొక జబ్బును ఆయనే గుర్తించారు. 1948లో రీఫెన్‌స్టైన్‌తో కలిసి పారాథైరాయిడ్ గ్రంథులు, ఎముకల జబ్బుల మీద రాసిన పుస్తకం ఎన్నో ఏళ్ళు వైద్యులకు ప్రామాణిక గ్రంథంగా నిలిచింది.

ఇంత చేసినా పేరు కోసం పాకులాడలేదు. 1942లో ఆయన వద్ద పనిచేసిన హ్యారీ క్లైన్‌ఫెల్టర్ అనే యువ వైద్యుడి పేరును పరిశోధన పత్రంలో ముందు పెట్టి, తన పేరు చివర వేసుకున్నారు. ఆ జబ్బు నేటికీ ఆ యువకుని పేరుతోనే చెలామణి అవుతున్నది. అది నిజానికి ఆల్‌బ్రైట్‌కు చెందవలసిన కీర్తి అని క్లైన్‌ఫెల్టరే తరువాత చెప్పారు. కిందివారి పనికి తమ సంతకం పెట్టుకునే అధికారులను చూసిన మనకు ఈ మాట విలువ ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు.

తనను పట్టిన వ్యాధి

ఇంకా నలభై నిండకముందే, 1930ల మధ్యలో ఆయనకు పార్కిన్సన్ వ్యాధి సోకింది. ముందు చేతులు వణికాయి, తరువాత కాళ్ళు బిగిశాయి, క్రమంగా మాట అర్థం కాకుండా పోయింది. కలం పట్టలేని మనిషి, కొత్తవారికి మాట తెలియని మనిషి, ఇంచుమించు ఇరవై ఏళ్ళు రోగులను చూస్తూ, పాఠాలు చెబుతూ, పత్రాలు రాయిస్తూ వచ్చారు. పైన చెప్పిన 1941 నాటి ఊహ, 1948 నాటి పుస్తకం ఈ వ్యాధితో బాధపడుతూ చేసినవే. దగ్గర పనిచేసే యువ వైద్యులు ఆయన మాటకు అలవాటుపడి ఇతరులకు విప్పి చెప్పేవారు. భార్య క్లెయిర్ కొండంత అండగా నిలిచారు.

1956 నాటికి పరిస్థితి దుర్భరమైంది. అప్పుడు న్యూయార్క్‌లో డాక్టర్ ఇర్వింగ్ కూపర్ మెదడులో ఒక చిన్న భాగాన్ని ఆల్కహాలు సూదితో నిర్వీర్యం చేసే కొత్త ఆపరేషన్ చేస్తున్నారు. వద్దని మిత్రులు వారించారు. కాని జీవితమంతా రోగులను కొత్త చికిత్సలకు ఒప్పించిన వైద్యుడు తన వంతు వచ్చినప్పుడు వెనుకాడలేదు. మెదడులో ఒక పక్క చేసిన ఆపరేషన్ సవ్యంగా జరిగింది. రెండవ పక్క చేసినప్పుడు రక్తస్రావమైంది. ఆయన మాట, చలనం రెండూ పోయాయి. అటు తరువాత 13 సంవత్సరాలు, తాను పనిచేసిన ఆసుపత్రిలోనే, తాను తీర్చిదిద్దిన శిష్యుల మధ్యనే మంచం మీద ఉండి, 1969 డిసెంబరు 8న ఆల్‌బ్రైట్ తుదిశ్వాస విడిచారు. పార్కిన్సన్ వ్యాధికి గుణం చూపే లీవోడోపా మందు గురించి డాక్టర్ కోట్జియాస్ ప్రకటించినది 1967లో. దానికి అమెరికా ప్రభుత్వ అనుమతి వచ్చినది 1970లో. ఆయనకు అది అందే వేళ దాటిపోయింది.

మనం తెలుసుకోవలసినవి

ఈ జీవిత కథ చదివిన సభ్యులకు ఉపయోగపడే నాలుగు మాటలు ఇవి.

1. రక్తంలో కాల్షియం పెరిగితే కనిపించే లక్షణాలు బడలిక, మలబద్ధకం, ఆకలి మందగించడం, దాహం, మాటిమాటికి మూత్రం, ఎముకల నొప్పులు, దిగులు, మతిమరుపు. ఇవన్నీ వయసు వలననేనని ఇంట్లోవాళ్ళూ అంటారు, మనమూ అనుకుంటాము. ఒకసారి రక్తపరీక్షలో కాల్షియం కూడా చూపించుకుంటే తేలిపోతుంది. ఖర్చు పెద్దగా కాదు.

2. మూత్రపిండాల్లో రాళ్ళు పదేపదే వస్తున్నవారు, చిన్న దెబ్బకే ఎముక విరిగినవారు ఈ పరీక్ష తప్పక చేయించుకోవాలి. మెడలోని పారాథైరాయిడ్ కంతి చాలావరకు క్యాన్సర్ కాదు. అది ఎక్కువగా ముట్లుడిగిన స్త్రీలలో కనిపిస్తుంది. అనుభవం ఉన్న శస్త్రవైద్యుడు తీసివేస్తే చాలామందికి పూర్తిగా నయమవుతుంది. మార్టెల్ కాలంలో లేని స్కానింగులు నేడున్నాయి, కంతి ఎక్కడ ఉందో చాలావరకు ముందే తెలుస్తుంది.

3. ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, రొమ్ము వంటి అవయవాల క్యాన్సర్‌తో బాధపడుతున్నవారు ఉన్నట్టుండి మగతగా, పొంతన లేకుండా మాట్లాడితే, వాంతులు అవుతుంటే, చివరి దశ అని నిరాశపడి ఊరుకోకూడదు. కాల్షియం పెరగడం కారణం కావచ్చును. సెలైన్ ఎక్కించి, జొలెడ్రోనిక్ యాసిడ్ వంటి మందులతో దానిని తగ్గించే వీలుంది. మనిషి మళ్ళీ తెలివిలోకి వచ్చి నలుగురితో మాట్లాడే రోజులు దక్కవచ్చును.

4. కాల్షియం బిళ్ళలు, 6 లక్షల యూనిట్ల విటమిన్ డి ఇంజెక్షన్లు పక్కింటివారు వాడారని మనం వాడరాదు. విటమిన్ డి మోతాదు మించినా రక్తంలో కాల్షియం పెరుగుతుంది. రక్తపోటుకు ఇచ్చే కొన్ని మూత్రం మాత్రలతో కూడా కొంత పెరగవచ్చును. వాడే మందులన్నీ డాక్టరుగారికి చూపించి అడగడం మంచిది. సొంతంగా మానివేయడమూ మంచిది కాదు.

ఎన్నో ఏళ్ళు లెజర్లు తిప్పినవాళ్ళం మనం. జమ, ఖర్చు సరిపోకపోతే ఎక్కడో తప్పు దొర్లిందని మనకు తెలుసు. ఆల్‌బ్రైట్ మహాశయుడు చేసినదీ అదే. మనిషి తిన్నదీ, విసర్జించినదీ గ్రాములతో సహా రాసిపెట్టి, కుదరని ఒక్క అంకె దగ్గర ఆగి ఆలోచించారు. మన రక్తపరీక్ష కాగితం చేతికి వచ్చినప్పుడు, చక్కెర అంకె ఒక్కటే చూసి మడిచి పెట్టకుండా, కాల్షియం అంకె కూడా చూసి, తేడా ఉంటే డాక్టరుగారిని అడుగుదాము. సభ్యులందరికీ, వారి కుటుంబాలకు ఆయురారోగ్యాలు కలగాలని ఆకాంక్షిస్తున్నాము.